ఆఫర్‌ లెటర్‌ వచ్చింది... మరి నవల సంగతేంటి?

క్యాంపస్‌ ప్లేస్‌మెంట్‌ వచ్చిన రోజు ఇంట్లో స్వీట్లు పంచుతారు. సగం రాసిన నవల ఉన్న నోట్‌బుక్‌ మాత్రం ఆ వారమే అట్టపెట్టెలోకి వెళ్లిపోతుంది. ‘ముందు ఉద్యోగంలో నిలదొక్కుకో, రాతలు తర్వాత చూద్దాంలే’ అంటారు నాన్న. మీకూ అదే సబబనిపిస్తుంది. చిక్కేంటంటే, ఆ ‘తర్వాత’ చాలామందికి రానే రాదు. అలాగని ఉద్యోగం వదిలేసి రచయిత అయిపోవాలా? అక్కర్లేదు. రెండూ చేయొచ్చు. కాకపోతే కొన్ని లెక్కలు ముందే తెలిసుండాలి.

మొదటిది డబ్బు. మీ పుస్తకం ధర రూ.200, రాయల్టీ 10 శాతం అనుకోండి. కాపీకి మీకొచ్చేది 20 రూపాయలు. వెయ్యి కాపీలు అమ్ముడైతే 20 వేలు. ఏడాది కష్టానికి దక్కేది ఒక నెల జీతమంత కూడా ఉండకపోవచ్చు. విద్యా రుణం వాయిదా, గది అద్దె ఉద్యోగమే కట్టాలి. ఇందులో చిన్నతనమేమీ లేదు. నెలాఖరు బెంగ లేనప్పుడే మీకు నచ్చిన కథను తొందరపడకుండా రాయగలుగుతారు.

అమెరికా రచయిత ఆండీ వియర్‌ ఉద్యోగం పోయాక మూడేళ్లు కూర్చుని రాశారు. ప్రచురణకర్త దొరకలేదు. మళ్లీ ప్రోగ్రామర్‌గా చేరారు. ఆ ఉద్యోగం చేస్తూనే ‘ద మార్షియన్‌’ను తన వెబ్‌సైట్‌లో విడతలుగా పెట్టారు. 2011లో సొంతంగా ఈ-బుక్‌ తెచ్చారు. 2014లో పెద్ద ప్రచురణ సంస్థ వేసింది, 2015లో సినిమా అయింది. తర్వాత బడి పిల్లల కోసం ప్రత్యేక ప్రతి కూడా వచ్చింది. మనవాళ్లలో వేమూరి వేంకటేశ్వరరావు గారున్నారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్‌లో కంప్యూటర్‌ సైన్స్‌ పాఠాలు చెబుతూనే తెలుగులో సైన్స్‌ కథలు, వ్యాసాలు రాశారు. నిఘంటువూ కూర్చారు.

రెండోది సమయం. రోజుకు 300 పదాలు, వారానికి అయిదు రోజులు రాస్తే 1,500 పదాలు. టీనేజీ పిల్లలు చదివే 40 వేల పదాల నవల ఏడు నెలల్లోపు తొలి ప్రతిగా చేతికొస్తుంది. రిలీజ్‌ ఉన్న వారం, నైట్‌ షిఫ్ట్‌ పడిన వారం కుదరదు. కుదరనప్పుడు మానేయండి, మరుసటి వారం మళ్లీ కూర్చోండి. చేరిన కొత్తలో పని నేర్చుకోవడానికే ఎక్కువ సమయం ఇవ్వండి. పనిలో వెనకబడితే ఆ దిగులు రాతలోకీ వస్తుంది.

మూడోది చాలామంది పట్టించుకోని విషయం: ఆఫర్‌ లెటర్‌లోని చిన్న అక్షరాలు. 1957 కాపీరైట్‌ చట్టం 17వ సెక్షన్‌ ప్రకారం, ఉద్యోగ విధుల్లో భాగంగా సృష్టించినదానికి, వేరే ఒప్పందం లేకపోతే, తొలి హక్కుదారు యజమానే. మీ నవల ఆ విధుల్లోకి రాదు. కానీ కొన్ని కంపెనీల ఒప్పందాలు ఇంకా విస్తృతంగా ఉంటాయి. బయటి ఆదాయానికి ముందస్తు అనుమతి అడిగేవీ ఉన్నాయి. 2022లో మూన్‌లైటింగ్‌పై ఎంత గొడవ జరిగిందో గుర్తుండే ఉంటుంది. అందుకే సంతకానికి ముందే చదవండి. అర్థం కాకపోతే హెచ్‌ఆర్‌ను మెయిల్‌లో అడగండి, జవాబు దాచుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఒక్క పేజీ కూడా రాయొద్దు. ఆఫీసు రహస్యాలు, సహోద్యోగుల సొంత సంగతులు కథలోకి లాగొద్దు.

ఇంత కష్టం ఎందుకంటారా? ‘చందమామ’ ఆగిపోయింది. పిల్లల కథలకూ పెద్దల నవలలకూ మధ్య, పదహారేళ్ల వయసు కోసం తెలుగులో దొరికేవి తక్కువే. ఇంటర్‌ హాస్టల్‌, తెల్లవారుజాము స్టడీ అవర్‌, ర్యాంకు భయం, ఎవరికీ చెప్పుకోలేని తొలి ఇష్టం... ఇవన్నీ మీకు నాలుగేళ్ల కిందటి సంగతులు. ఇంకా పచ్చిగా గుర్తున్నాయి. నలభై ఏళ్లొచ్చాక రాద్దామంటే అప్పటి మాట, అప్పటి కోపం అంత తేలిగ్గా దొరకవు. వాయిదా వేస్తే పోయేది అదే.

ప్రోత్సాహమూ లేకపోలేదు. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుతో సహా 24 భాషల్లో ఏటా బాల సాహిత్య పురస్కారం, 35 ఏళ్లు దాటనివారికి యువ పురస్కారం ప్రకటిస్తుంది. నేషనల్‌ బుక్‌ ట్రస్ట్‌ అమలు చేసే పీఎం-యువ పథకం 30 ఏళ్లలోపు రచయితల కోసమే. ప్రకటనలు గమనిస్తూ ఉండండి.

రెజ్యుమెలో హాబీల దగ్గర ‘కథలు రాయడం’ అని ఊరికే వదిలేయకండి. పూర్తి చేసిన ఒక్క కథ పేరు రాయండి. ఇంటర్వ్యూలో అడిగితే రెండు నిమిషాల్లో చెప్పగలగాలి. మొదలుపెట్టిన పనిని ముగించగలరని చెప్పడానికి అదీ ఒక రుజువే.

ఆ అట్టపెట్టె ఇంకా అటక ఎక్కలేదు కదా? నోట్‌బుక్‌ బయటకు తీయండి. ఈ రాత్రికి 300 పదాలు చాలు.