తెర మీద హెండ్రిక్స్, తెర ముందు మనం



రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబరులో, 27 ఏళ్లకే లండన్‌లో కన్నుమూశాడు. 1973లో అతని పేరుతోనే డాక్యుమెంటరీ వచ్చింది. దానిపై ప్రేక్షకుల అభిప్రాయాలతో ఈ సంచిక తెస్తున్నాం.

మాంటరే సంగీతోత్సవ వేదికపై గిటారుకు నిప్పంటించిన ఘట్టం గురించే అందరూ రాస్తారనుకున్నాం. చాలామంది మనసు పడింది మరో చోట. హెండ్రిక్స్ ఒంటరిగా కూర్చుని, పన్నెండు తీగల అకూస్టిక్ గిటారు మీద బ్లూస్ ఎత్తుకుంటాడు. అంతలోనే ఆపేస్తాడు, భయం వేసిందంటాడు, మళ్లీ మొదలుపెడతాడు.

మాటలు తగ్గించి పాటలు పూర్తిగా చూపాల్సిందని కొందరి ఫిర్యాదు. తండ్రి ఆల్, తోటి గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ వంటివాళ్లు మాట్లాడకపోతే మనిషి ఎలా తెలుస్తాడని మరికొందరి వాదన. ఎవరికీ సర్దిచెప్పే పని మేం పెట్టుకోలేదు.

ఓటీటీల్లో ఇప్పుడు సంగీతకారుల డాక్యుమెంటరీలకు కొదవలేదు. చాలావాటిలో పొగడ్తే ఎక్కువ. అందుకే, గాయం ఇంకా పచ్చిగా ఉండగానే తీసిన ఈ సినిమాను మళ్లీ చూడాలనిపించింది. అభిమానం ఉన్నచోటే నిలదీసే హక్కూ ఉంటుందన్నది ఈ రచనలన్నిటా కనిపించే మాట. చదవండి, విభేదించండి, మాకు రాయండి.

– సంపాదకవర్గం