చీర మీద బూట్లా?

"చీర కట్టుకుని ఈ బూట్లేమిటి మేడమ్, చూసేవాళ్ళేమనుకుంటారు?" అన్నాడు చెప్పుల షాపు కుర్రాడు.

పోయిన శ్రావణంలో కూరల మార్కెట్టు బురదలో స్లిప్పర్లు జారి, సంచీతో సహా కూలబడ్డాను. మూడు వారాలు మంచం దిగలేదు. ఆ చూసేవాళ్ళెవరూ వచ్చి మా ఇంట్లో కుక్కరు పెట్టలేదు!

కొండలెక్కే బూట్లు కొండలెక్కేవాళ్ళకేనట. తడి మెట్లు, పగిలిన పేవ్‌మెంటు, ఆగీ ఆగకుండానే కదిలే బస్సూ... మనకింకా వేరే కొండలు కావాలా? బరువైనవి అక్కర్లేదు. చీలమండ కిందికి ఉండే తేలిక రకం, ఒక్కొక్కటి 400 గ్రాముల లోపువి దొరుకుతాయి. అడుగున గాట్లు లోతుగా ఉండాలి. వంచి చూస్తే వేళ్ళ దగ్గర వంగాలి గాని నడిమికి మడత పడకూడదు. నీళ్ళు చొరని రకమని గొప్పగా చూపిస్తారు, నమ్మకండి. మన ఎండలకి అందులో పాదం ఉడికిపోతుంది. గాలాడే జాలీగుడ్డదే నయం, తడిసినా త్వరగా ఆరుతుంది.

కొనడానికి సాయంత్రం వెళ్ళండి. పొద్దుటినించీ నిలబడ్డ కాళ్ళు అప్పటికి కాస్త ఉబ్బుతాయి. మేజోళ్ళతోనే తొడిగి చూడండి. వేళ్ళ ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి, నడిస్తే మడమ లేవకూడదు. ఆడవాళ్ళకి సాధారణంగా ముందుపాదంతో పోలిస్తే మడమ సన్నం. మగవాళ్ళ బూటునే కుదించి, గులాబీరంగు పూసి "లేడీస్" అంటే ఎలా సరిపోతుంది?

(పెళ్ళిళ్ళకి పట్టుచీర మీద వేసుకోమనడం లేదు లెండి!)

మావారి వాకింగ్ బూట్లు కొన్నప్పుడు ధరెంతని ఎవరూ అడగలేదు. నావి ఇంటికి తెచ్చిన రోజున ఇంటిల్లిపాదీ అడిగారు.