జూలైలో నాటిన మొక్కకు మే నెలలో దిక్కెవరు?

పాఠశాలల్లో పర్యావరణ పరిరక్షణ అనగానే మనకు స్ఫురించే దృశ్యం ఒకటే. జూలై నెల, సన్నని తుంపర, ఒక గొయ్యి, గొయ్యి చుట్టూ పదిమంది పెద్దలు, వారి వెనుక వరుసలు కట్టిన పిల్లలు, అందరి చేతులూ తగిలేటట్లుగా పట్టుకున్న ఒకే ఒక మొక్క. ఫొటో తీయడం పూర్తికాగానే చేతులు కడుగుకొని ఎవరి దారిన వారు వెళతారు. దీనిని ఎగతాళి చేయడం నా అభిమతం కాదు. ముప్ఫయ్యేళ్ళకు పైగా తెలుగు పండితుడిగా పనిచేసి, అటువంటి సభలెన్నింటికో స్వాగత వచనాలు పలికినవాణ్ణి. పిల్లల ఉత్సాహంలో కల్తీ ఉండదని నాకు తెలుసు. అయితే మన బడి క్యాలెండరుకూ మొక్క బ్రదుకుకూ పొత్తు కుదరదన్న సంగతిని ఎవరూ పట్టించుకోవడం లేదు. ఈ టపా ఉద్దేశం అది చెప్పడమే.

వన మహోత్సవం నిన్న మొన్నటిది కాదు. 1950లో కేంద్ర ఆహార వ్యవసాయ శాఖామాత్యులుగా ఉన్న కె.ఎం.మున్షీగారు ఆరంభించారు. అప్పటినుండి జూలై మొదటి వారం దానికి కేటాయింపయింది. 1991లో ఎం.సి.మెహతా వ్యాజ్యంలో పర్యావరణాన్ని విద్యలో తప్పనిసరి పాఠ్యాంశం చేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. 2001–02లో జాతీయ హరిత దళం వచ్చింది. 2015లో తెలంగాణలో హరితహారం, 2024 జూన్ 5న అమ్మ పేరిట ఒక మొక్క. పేర్లు మారినా అన్నింటిలోనూ బడిపిల్లలకు పాత్ర ఉన్నది, ఆ పాత్ర మాత్రం మారలేదు: మొక్క పట్టుకొని నిలబడడం.

ఇప్పుడు క్యాలెండరు చూడండి. మన రెండు రాష్ట్రాల్లోనూ ఏప్రిల్ చివరి వారంలో బడులు మూసి, జూన్ 12 ప్రాంతాల తెరుస్తారు. సుమారు ఏడు వారాలు. జూలైలో నాటిన మొక్క వానలకు నిలద్రొక్కుకుంటుంది, శీతకాలం ఎలాగో నెట్టుకొస్తుంది, మార్చిలో ఆకు రాలుస్తుంది. దానికి నీరు అత్యవసరమైన రోజున గేటుకు తాళం పడుతుంది. వేరు లోతుకు దిగని ఏడాది మొక్క రాయలసీమ ఎండలో ఏడు వారాలు నీరులేక బ్రతకడం దుర్లభం. మే నెలలోనే ఉపాధ్యాయుల బదిలీలూ తరచు జరుగుతాయి. జూన్‌లో క్రొత్తగా వచ్చిన ప్రధానోపాధ్యాయునికి ఏ మూల ఏమి నాటారో తెలియదు. ఖాళీ గొయ్యి మాత్రం కనిపిస్తుంది. జూలై రాగానే అదే గోతిలో మరొక మొక్క. నేను పనిచేసిన ఒక ఉన్నత పాఠశాలలో ప్రహరీ వెంబడి ఉన్న గోతులకు ఆరేళ్ళపాటు కొత్తగా పార పెట్టవలసిన అవసరమే రాలేదు. అటెండరు వాటిని ‘ఉత్సవ గోతులు’ అనేవాడు!

భాషాపండితుణ్ణి గనుక ఒక్క మాట. తెలుగులో ‘మొక్క’ వేరు, ‘చెట్టు’ వేరు. మన నివేదికలన్నీ మొక్కలతోనే ఆగిపోతాయి. నాటిన మొక్కలు నూరు, ఇన్నూరు అని వ్రాస్తారు. వాటిలో చెట్లయినవి ఎన్ని అన్న గడి ఏ పత్రంలోనూ నాకు కనబడలేదు. చరిత్ర పాఠాన్నీ అలాగే సగం వల్లె వేస్తాం. అశోకుడు బాటలకు ఇరువైపులా చెట్లు నాటించెనని ఏ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ చెక్కించిన ఆయన శిలాశాసనాల్లో రెండవదానిలో చెట్ల ప్రస్తావనతో పాటు బావులు త్రవ్వించిన సంగతి ఉన్నది. మనుషులకూ పశువులకూ అని స్పష్టంగా ఉన్నది. సీమలో వెలసిన శాసనం నీటిని మరువలేదు. పరీక్షలో జవాబు వ్రాసిన మనమే బావిని వదిలేసి చెట్టును పట్టుకున్నాం.

ఉత్సవ గోతులని చెప్పానే, అదే బడిలో మూడు కానుగలు మాత్రం బ్రతికాయి. మూడూ గేటు ప్రక్కనే. అక్కడ బొరుగులు, ఉడకబెట్టిన శెనక్కాయలు అమ్ముకునే ఒక పెద్దమ్మ ఉండేది. బడి మూసినా ఆమె బేరం మూసేది కాదు. బస్సు ఆగేది అక్కడే. గంప కడిగిన నీళ్ళు, చెంబులో మిగిలిన నీళ్ళు ఆ మొదళ్ళలో పోసేది. మేకలు వస్తే అదిలించేది. ఎందుకు పోస్తున్నావు పెద్దమ్మా అని అడిగితే, “నీడ నాక్కావాల గదా సారూ, మీరు సెలవల్లో యాడుంటారు?” అన్నది. పర్యావరణం మీద నేను విన్న ఉపన్యాసాలన్నీ ఒక ఎత్తు, ఆ ప్రశ్న ఒక ఎత్తు. మే నెలలో నీడ ఎవరికి కావాలో వారి చేతిలో పెట్టిన మొక్క బ్రతుకుతుంది. మండువేసవిలో మనిషి అలికిడే లేని ఆవరణలో నాటిన మొక్కకు ఆ ఆసరా లేదు.

నీళ్ళెక్కడివి అని అడుగుతారు. బడి నడిచే రోజుల్లో ఆ ప్రశ్నకు జవాబు ఉన్నది. 2003 జనవరి నుండి మన బడుల్లో మధ్యాహ్నం వండి పెడుతున్నారు. నూటయాభై మంది పిల్లలు చేతులూ కంచాలూ కడుగుకోవడానికి తలా రెండు లీటర్లు వాడినా రోజుకు మూడు వందల లీటర్లు, అంటే పది లీటర్ల బిందెలు ముప్ఫయి. మొక్కకు మూడు రోజులకొక బిందె చొప్పున తొంభై మొక్కలకు సరిపోతుంది. చాలాచోట్ల ఆ నీరు కుళాయి ముందర బురదై దోమలను పెంచుతున్నది. మెతుకులు ఆపడానికి ఒక జల్లెడ, నీరు పారడానికి ఒక కాలువ చాలు. దీనికి పథకం అక్కరలేదు.

చిక్కంతా ఆ ఏడు వారాలతోనే. అప్పుడు భోజనమూ లేదు, ఆ నీరూ లేదు. అందుకే నాటడానికి ముందే లెక్క వేయాలంటాను. ఇరవై మొక్కలకు మూడు రోజులకొక బిందె వంతున పోస్తే సెలవులు ముగిసేసరికి మూడు వందల ఇరవై బిందెలు. బడి ప్రక్కన కాపురమున్న ఒకటి రెండు కుటుంబాలు మోయగలిగిన పని ఇది. నూరు మొక్కలైతే పదహారు వందలు, ఎవరూ మోయరు. కనుక మోయగల బిందెలను లెక్కించి, దాన్నిబట్టి మొక్కల సంఖ్య నిర్ణయించాలి. పైనుంచి వచ్చే లక్ష్యం నూరు అని ఉంటే, ఇరవై నాటే ప్రధానోపాధ్యాయునికి సంజాయిషీ తప్పదన్న సంగతి నాకు తెలియనిది కాదు. ఆ సంజాయిషీ వ్రాయడానికి జంకని వారు నలుగురైనా కావాలి.

సెలవుల్లో గేటు తెరవడం సాధ్యమేనా అని సందేహించవద్దు. 2016 మేలో కరవు ప్రాంతాల పిల్లలకు వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆకలి కోసం తెరవగలిగిన గేటును మొక్క కోసం తెరవడం అంత కష్టమా? తాళంచెవి ఒకటి నీళ్ళు పోసే ఇంటివారికిచ్చి, వారికి నెలకు ఇంత అని ముట్టజెప్పితే చాలు. ఉచితసేవ అని మొగమాట పెట్టడం నాకు సమ్మతం కాదు. మొక్కను అతిథిచేత నాటించడానికి శాలువాకూ పూలదండకూ ఖర్చు పెడుతున్నాం కదా, పోసే చేతికి కూలి ఇవ్వడానికేమి?

ఏ మొక్క అన్నది కూడా ఊరివాళ్ళనే అడగాలి. తొందరగా పచ్చబడుతుందని కోనోకార్పస్‌ను మన తెలుగునేల మీద రోడ్ల నడుమ, ఆవరణల్లో విరివిగా నాటారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం దాన్ని నాటకుండా నిషేధించింది. వేప, కానుగ, చింత, నేరేడు మనకు కొత్తవి కావు. ఉగాదికి వేపపూత కోసం ఊరంతా వెదుక్కునే పిల్లలున్నప్పుడు బడిలో వేప ఎందుకని ఎవరూ అడగరు. కరెంటు తీగల క్రింద మాత్రం ఏదీ వద్దు. పెరిగాక కొట్టేసేదానికి పెంచడం దేనికి?

తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లో వచ్చినప్పుడు, నాటిన మొక్కల్లో 85 శాతం బ్రతికి ఉండాలన్న బాధ్యతను పంచాయతీల మీద పెట్టింది. అది ఎంతవరకు అమలవుతున్నదన్నది వేరే చర్చ. లెక్క నాటినదాని మీద కాక మిగిలినదాని మీద పెట్టడం నాకు నచ్చింది. బడికీ అటువంటి పుస్తకం ఒకటి ఉండాలి, పిల్లల హాజరు పట్టీ వంటిదే. మొక్క పేరు, నాటిన తేదీ, సెలవుల్లో నీరు పోసినవారి పేరు, జూన్ 12న దాని స్థితి. ఎండిపోతే ఎండిపోయిందని వ్రాయాలి, కారణంతో సహా. బదిలీపై వెళ్ళే ప్రధానోపాధ్యాయుడు బీరువా తాళాలతో పాటు ఆ పుస్తకాన్నీ అప్పగించి సంతకం తీసుకోవాలి.

చదువరులలో ఉపాధ్యాయులు చాలామంది ఉన్నారని ఎరుగుదును. మీ బడిలో వేసవిలో నీరు పోయడానికి ఏ ఏర్పాటు చేసుకున్నారు, ఎంత ఖర్చయింది, మొదటి సంవత్సరం గడిచాక ఎన్ని మిగిలాయి? సంఖ్యలతో సహా వ్యాఖ్యల్లో తెలియజేయగలరు.