తొలి వార్తను ఏ భాషలో వింటిమి?

తెలుగు సంఘముల సంచికలు మేము చాల చదివియున్నాము. ప్రతి సంచికయందును ఆంధ్రుల ప్రాచీన వైభవమును గూర్చి ఒక వ్యాసము, కృష్ణదేవరాయల సభను గూర్చి మరియొక వ్యాసము, అటుపిమ్మట శుభాకాంక్షలు, చందాదారుల పట్టిక ఉండును. ఇవి ఉండవలసినవే. కాని కోలారు జిల్లాలో తరతరములుగా నివసించుచున్న తెలుగు కుటుంబములు తమ కన్నులతో ఏమి చూచినవో, తమ చెవులతో ఏమి విన్నవో తెలుపు పుట మాకు ఒక్కటియు కానరాలేదు. ఈ లోపమును గూర్చి కొంచెము కటువుగనే వ్రాయదలచితిమి. పెద్దలు మన్నింతురు గాక.

మేము మాలూరు తాలూకా మాస్తిలో పుట్టి, అచ్చటి బడిలో కన్నడము నేర్చి, ఎస్.ఎస్.ఎల్.సి.తో చదువు ముగించి, ముప్పది ఏండ్లకు పైగా గుమాస్తాగిరి చేసి విశ్రాంతి పొందినవారము. పండితులము కాము. వచ్చిన ప్రతి కాగితమునకు తేదీ ముద్ర వేసి పుస్తకమునకు ఎక్కించుట మా వృత్తి. ఆ అలవాటుతోనే పాఠకులను అడుగుచున్నాము: మీకు ఊహ తెలిసిన పిదప మీ చెవిని పడిన మొదటి లోకవార్త ఏది? దానిని మీకు చెప్పినవారెవరు? ఏ భాషలో చెప్పిరి?

మా మట్టుకు అది 1964 మే 27, జవహర్‌లాల్ నెహ్రూగారు మరణించిన దినము. మాకప్పుడు ఆరేండ్లు. పంచాయతీ రేడియో వద్ద జనము గుమిగూడిరి. వార్త కన్నడములో వచ్చెను. మా నాయన ఇంటికి వచ్చి దానిని తెలుగులో చెప్పెను. రాగులు విసురుచున్న మా అవ్వ తిరగలి ఆపి, "ఆయనకు కొడుకులు లేరంట గదరా, కొరివి ఎవరు పెడతారు?" అని అడిగెను. నాయన బదులు చెప్పలేకపోయెను. మరి రెండు దినములకు చేతికి వచ్చిన కన్నడ పత్రికలో, మనుమడు సంజయ్ చితికి నిప్పంటించెనని చదివి చెప్పగా, "పోనీలే, కూతురి బిడ్డ ఉండాడు" అని అవ్వ తిరిగి తిరగలి పట్టెను. దేశమంతటిని కదిలించిన వార్త మా ఇంట ప్రవేశించిన తీరు ఇది. వాకిటివరకు కన్నడములో వచ్చి, గడప దాటగనే తెలుగైనది.

ఇచ్చట మా తప్పు ఒకటి ఒప్పుకొనవలెను. ఆనాడు బడిగంట కొట్టి, అయ్యవారు కన్నులు తుడుచుకొని, మమ్ము ఇండ్లకు పంపివేసిరని నలువది ఏండ్లు అందరికిని చెప్పుచు వచ్చితిమి. ఉద్యోగము విడిచిన తరువాత తీరికగా ఆలోచింపగా, మే నెల చివర బడులకు వేసవి సెలవులు గదా అని తోచినది. ఆ గంట 1966 జనవరి 11, మంగళవారము నాటిదై యుండవలెను. తాష్కెంటులో లాల్ బహదూర్ శాస్త్రిగారు మరణించిన వార్త వచ్చిన దినమది. రెండు మరణములు పసితనమున ఒక్కటిగా అతుకుకొనినవి.

దీనిని పట్టుకొని, "చిన్ననాటి జ్ఞాపకములు నమ్మదగినవి కావు, సంచికలో అచ్చువేయదగినవి కావు" అనువారు కలరు. మేము ఒప్పుకొనము. తేదీ తప్పుపడిన కాగితమును ఏ గుమాస్తాయు చింపి పారవేయడు. తేదీ సరిదిద్ది కట్టలో చేర్చును. బడిగంట నిజము, అయ్యవారి కన్నీరు నిజము. సరిచూచుకొనవలసినది తేదీ యొక్కటే. అసలు చెప్పకయే పోయిన జ్ఞాపకమును మాత్రము ఎవరును సరిదిద్దలేరు.

"తెలుగువారి చరిత్ర ఆంధ్రదేశమున జరిగినది, మాస్తిలో తిరగలి దగ్గరి మాటలు చరిత్ర యెట్లగును?" అని మరికొందరు పెద్దల ఆక్షేపణ. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణము, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రావతరణము తెలుగువారందరికిని స్మరణీయములే. కాని మా నాయన తన పిన్ననాటి వార్తగా చెప్పుకొనినది వేరు. 1947 ఆగస్టు 15న దేశమునకు స్వాతంత్ర్యము వచ్చినను మైసూరు సంస్థానమున ప్రజాప్రభుత్వము ఏర్పడలేదు. 'మైసూరు చలో' ఉద్యమము సాగిన మీదట, అక్టోబరులో గాని కె.సి. రెడ్డిగారు మొదటి ముఖ్యమంత్రి కాలేదు. ఆయన మన కోలారు జిల్లా క్యాసంబళ్ళి వారే. "మనకు స్వరాజ్యము రెండుతూర్లు వచ్చె" అని మా నాయన నవ్వుచుండెడివాడు. ఈ మాట విజయవాడలో పుట్టిన తెలుగువానికి చెప్పుకొనుటకు లేదు. కన్నడ గ్రంథములలో ఆ సంగతి యున్నది గాని, మా నాయన నవ్వు లేదు. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది. విశాల మైసూరు రాష్ట్రమును ఆనాడే ఏర్పడినది. ఒకే తేదీకి రెండు వార్తలు. మన సభలలో మొదటిదే వినబడును. రెండవది బడిపుస్తకమునకు వదలివేసితిమి. పొరుగింటి పంచాంగము చూచి మన ఇంటి పండుగ చేసికొనుట వంటిదే యిది.

మా ఊరి పేరును దేశమంతట వినిపించిన మాస్తి వెంకటేశ అయ్యంగార్‌గారి ఇంటి భాష తమిళము; ఆయన వ్రాసినది కన్నడము. 1983 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము ఆయనను వరించినది. ఆయన తన జీవితకథను 'భావ' అను పేర మూడు సంపుటములుగా వ్రాసిరి. ఆయన పేరులోని ఊరివారమైన మనము మన సంగతి మూడు పుటలు వ్రాసికొనలేమా?

ఇక కుఱ్ఱవారి మాట: "తేదీలన్నియు ఫోనులోనే ఉన్నవి, ఎందుకీ శ్రమ?" ఉన్నవి. శాస్త్రిగారు మరణించిన వారము మేమును అందే సరిచూచుకొంటిమి. కాని కొరివిని గూర్చి అవ్వ అడిగిన ప్రశ్న ఏ ఫోనులోను లేదు. 1965లో ధాన్యపు కొరత తీరుటకై సోమవారము రాత్రి భోజనము మానుడని శాస్త్రిగారు కోరినప్పుడు, ఏనాటినుండియో సోమవారము ఒంటిపూట ఉండు మా అవ్వ, "ఇన్నాళ్ళు శివునికి ఉంటి, ఇంక దేశానికి గూడ లెక్క రాసుకోమను" అనిన మాటయు అందు లేదు.

ప్రతి తరమునకును తన తొలి వార్త యుండును. 2000 జులై 30న రాజ్‌కుమార్‌గారిని వీరప్పన్ అపహరించుకొని పోగా, 108 దినములు ఈ రాష్ట్రము ఎదురుచూచినది. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులు మూతపడినవి. ఆనాడు కె.జి.ఎఫ్.లో ఆరేండ్ల బిడ్డలైనవారు నేడు ముప్పది దాటినవారు. గనిలో పనిచేసిన తండ్రి ఆ సాయంకాలము గుమ్మము వద్ద ఏమనెను? తల్లి ఏమి అడిగెను? వారి ఇండ్లలో అవి ఏ భాషలో పలుకబడెను? వ్రాసిపెట్టువారెవరు?

బెంగళూరులో చదువుకొనుచున్న మా మనుమని మొన్న ఇదే ప్రశ్న అడిగితిమి. 2020 మార్చి 22, ఆదివారము సాయంకాలము అయిదు గంటలకు అందరును ఇండ్ల ముందు నిలిచి పళ్ళెములు మ్రోగించుట తన తొలి జ్ఞాపకమని చెప్పెను. అప్పుడు వానికి అయిదేండ్లు. ఎంతో చక్కగా చెప్పెను. కాని చెప్పినది ముప్పాతిక ఇంగ్లీషు, పాతిక కన్నడము. ప్రక్కన కూర్చున్న వాని అవ్వ మా వైపు తిరిగి, "ఏమంటాడు వాడు?" అని అడిగినది.

నాడు మా నాయన రేడియోవార్తను అవ్వకు తెలుగు చేసి చెప్పెను. నేడు సొంత మనుమని మాటను వాని అవ్వకు మేము తెలుగు చేసి చెప్పవలసివచ్చినది. కన్నడము మాకు అన్నము పెట్టిన భాష. దానిపై మాకు ఫిర్యాదు లేదు. వార్త బయటినుండి ఏ భాషలో వచ్చినను రానిండు. ఇంటి బిడ్డ జ్ఞాపకము ఇంటివారికే తెలియకుండుటయే మా భయము. మేమున్నంతవరకు తర్జుమా జరుగును. ఆ తరువాత?

కావున సంఘము వారికి మా మనవి. వచ్చు సంచికలో పది పుటలు విడువుడు. ఇంటికొక పట్టిక పంపుడు. వార్త ఏది, తేదీ ఏది, చెప్పినదెవరు, ఏ భాషలో, ఇంటిలో ఎవరేమనిరి అను అయిదు గడులు చాలును. తెలుగు లిపి రాని పిల్లలు చెప్పగా, వచ్చిన పెద్దలు వ్రాయవచ్చును. ఆ పెద్దలును లేని ఇండ్లకు మేమే వచ్చి వ్రాసిపెట్టుదుము. మా దస్తూరి ఇంకను చెడలేదు. చోటు చాలదందురా, కృష్ణరాయలను గూర్చిన వ్యాసమును ఈ ఒక్క ఏడు కొంచెము కుదింపుడు. రాయలవారు కోపగించుకొనరు.