సీటు కింది బురద



"అయ్యగారూ, బండి కొన్నారట కదా, ఎలా ఉంది?" అని చాలామంది ఫోన్లు చేస్తున్నారు. దాచడం ఎందుకు, చెప్పేస్తాను.

మా పల్లెలో రాత్రిపూట ఎవరికైనా నొప్పులొస్తే ఆటో దొరకడం కష్టం. అందుకని సంఘంలో ఏడాదిన్నర పాటు డబ్బు కూడబెట్టాం. ఎక్కువ భాగం స్త్రీలు వండేముందు తీసిపెట్టిన గుప్పెడు బియ్యం అమ్మగా వచ్చిందే. ఆ సొమ్ముతో పట్నంలో ఒక డీలరు దగ్గర పాత వ్యాను కొన్నాం. తళతళా తుడిచి, టైర్లకు నల్లరంగు పూసి, లోపల సెంటు కొట్టి పెట్టాడు. మేమూ తెలివైనవాళ్ళమే అనుకున్నాం. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి చూశాం. రెండో ఓనరు, అప్పు లేదు, ఇన్సూరెన్సు ఉంది. అన్నీ నిజమే. ఆయన ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు.

మొదటి వానకే లైట్లు వాటంతటవే వెలిగి ఆరడం మొదలైంది. మెకానిక్కు కార్పెట్ ఎత్తితే కింద మెత్తటి ఎండు బురద. సీటు పట్టాలకు తుప్పు. సీటు బెల్టు చివరిదాకా లాగితే మట్టి చార. ఆర్సీలో పాత ఓనరుది విజయవాడ. "2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు తాగిన బండిలా ఉంది అయ్యగారూ" అన్నాడు.

డీలరుకు ఫోన్ చేస్తే మర్యాదగానే మాట్లాడాడు. "మీరు అడగలేదు కదండీ!"

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అడగలేదు గనుక చెప్పలేదన్నది జవాబు కాదు. కార్పెట్ మార్చినవాడికి దాని కింద ఏముందో తెలుసు. తెలిసి పూసిన సెంటు కూడా అబద్ధమే, నోటితో ఆడకపోయినా.

అయితే సామెతలు 20వ అధ్యాయం 14వ వచనం తీసి చూడండి. అక్కడ తప్పు పట్టింది అమ్మినవాణ్ణి కాదు, కొన్నవాణ్ణి. సరుకు బాగాలేదని ధర తగ్గించి, ఇంటికెళ్ళి గొప్పలు చెప్పుకునేవాణ్ణి. నేను అదే చేశాను. బాగున్న ఇంజనుకు వంకలు పెట్టి పదివేలు తగ్గించి, దారి పొడుగునా మా పెద్దలకు నా బేరం గురించి చెప్పుకుంటూ వచ్చాను. (నా భార్య అప్పుడే నవ్వింది.)

ఆదికాండం 23లో అబ్రాహాము మక్పేలా పొలం కొన్న తీరు వేరు. ఊరి గవిని దగ్గర అందరూ వింటుండగా మాట్లాడి, 400 తులాల వెండి తూచి ఇచ్చాడు. మనమూ అలాగే కొనాలి. వరదలో మునగలేదు, యాక్సిడెంటు కాలేదు, మీటరు వెనక్కి తిప్పలేదు అని బిల్లు మీద రాసి సంతకం పెట్టమనాలి. పెట్టనంటే అదే జవాబు. 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు రవాణా శాఖ ఇచ్చే అధికార పత్రం ఉండాలి, అదీ చూపించమనండి. అమ్మేవారు కూడా ఆర్సీలో పేరు మారేదాకా వదలొద్దు. బండి చేతులు మారినా, రికార్డులో ఎవరి పేరుంటే పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇప్పుడు అసలు చిక్కు. "కడిగించి ఇంకో షాపులో ఎక్స్‌ఛేంజికి ఇచ్చేద్దాం, మనకెవరు చెప్పారు గనుక?" అన్నారు మా సంఘ పెద్ద ఒకరు. ఆయన చెడ్డవాడు కాదు, పేదల సొమ్ము పోతుందని బాధ. నిజం చెప్పాలంటే రెండు రోజులు నాకూ అదే బుద్ధి పుట్టింది.

పోయిన ఆదివారం ఆరాధన తర్వాత సంఘానికి అంతా చెప్పాను. బియ్యం తెచ్చే ముసలమ్మ ఒకామె లేచి, "మరి కొనేవాళ్ళకి చెబుతారా అయ్యా?" అంది.

చెబుతామన్నాను.

"చెబితే ఎంత పోతుంది?"

ఎనభై వేల దాకా పోవచ్చన్నాను. ఆమె ఇంకేమీ అనకుండా కూర్చుంది.

ఇప్పటికి ముగ్గురు వచ్చి చూశారు, విన్నారు, వెళ్ళిపోయారు. బండి గుడి పక్కన వేపచెట్టు కింద ఉంది. రాత్రి ఎవరికైనా నొప్పులొస్తే పక్క ఊరి ఆటో అబ్బాయినే లేపుతున్నాం.