దగ్గరదారి తప్పేం కాదు

షార్ట్‌కట్ అంటే మన ఇళ్ళల్లో మంచి మాట కాదు. అడ్డదారులు తొక్కకు అని పిల్లలకు చెబుతాం. ఆడపిల్లకైతే ఓపిగ్గా, నిదానంగా, పద్ధతిగా అంటూ ఇంకో నాలుగు మాటలు కలిపి మరీ చెబుతాం. అందుకేనేమో, కంప్యూటర్ ముందు కూర్చున్నా మనలో చాలామంది ప్రతి పనికీ మౌస్ పట్టుకుని, మెనూ తెరిచి, వరసంతా చదివి ఒక్కోటే నొక్కుతూ పోతాం. పక్కసీటాయన రెండు మీటలతో అదే పని ముగించి టీకి లేచిపోతాడు. 'ఆవిడ కాస్త స్లో అండీ' అన్న పేరు మాత్రం మనకు మిగులుతుంది.

దువ్వాడ, కూర్మన్నపాలెం చుట్టుపక్కల ఆడపిల్లలకు కొన్నేళ్ళుగా కంప్యూటర్ నేర్పుతున్నాను కనుక చెబుతున్నా, వాళ్ళ చురుకుదనానికి వంక పెట్టడానికేం లేదు. వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, అంతే.

అసలు దువ్వాడలో ఉంటూ దగ్గరదారిని చిన్నచూపు చూడ్డం ఏం బావుంటుంది? విశాఖపట్నం స్టేషన్లోకి వెళ్ళిన రైలు మళ్ళీ చెన్నై వైపు సాగాలంటే ఇంజన్ని ఒక చివర్నుంచి రెండో చివరకు మార్చాలి. అందుకే ఒడిశా వైపు నుంచి వచ్చే కొన్ని రైళ్ళు ఊళ్ళోకి పోకుండా దువ్వాడ మీదుగా వెళ్ళిపోతాయి. వాటిని ఎవరైనా దొంగ రైళ్ళంటారా?

కీబోర్డు షార్ట్‌కట్లూ అంతే. దొంగచాటు విద్యేం కాదు, తయారుచేసినవాళ్ళే పెట్టినవి. 2020లో పోయిన లారీ టెస్లర్, తన సహచరుడు టిమ్ మాట్‌తో కలిసి 1970లలో అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో కట్, కాపీ, పేస్ట్ పద్ధతికి రూపమిచ్చారు. మీ కీబోర్డు కింది వరసలో ఎడంపక్క చూడండి. జెడ్, ఎక్స్, సి, వి పక్కపక్కనే ఉంటాయి. కంట్రోల్ మీటతో కలిపి నొక్కితే ఎక్స్ కత్తిరిస్తుంది, సి నకలు తీస్తుంది, వి అతికిస్తుంది. జెడ్ అయితే పొరపాటున చేసినదాన్ని వెనక్కి తీసేస్తుంది. కుడిచెయ్యి మౌస్ మీదున్నా ఇవన్నీ ఎడంచేతికి అందుతాయి.

కంట్రోల్, ఎస్ నొక్కితే అప్పటిదాకా చేసిన పని భద్రం. ఎక్సెల్‌లో కంట్రోల్, సెమికోలన్ నొక్కితే ఇవాళ్టి తేదీ వచ్చి కూర్చుంటుంది. కంట్రోల్, డి నొక్కితే పై గడిలో ఉన్నది కింది గడిలోకి దిగుతుంది. సీట్లోంచి లేచేటప్పుడు విండోస్ మీట, ఎల్ కలిపి నొక్కితే తెరకు తాళం పడుతుంది. మీ లాగిన్‌లో ఇంకొకరు వేలుపెట్టి, ఆ తప్పు మీ నెత్తికి రాకుండా ఇది తప్పక నేర్చుకోండి.

ఈ చిన్నచిన్నవాటితో ఏమొరుగుతుందంటారా? లెక్కేద్దాం. ఒక్కోసారికి 3 సెకన్లు మిగిలాయనుకోండి. రోజుకు 400 సార్లు ఇలాంటి పనే చేసే అమ్మాయికి 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. నెలకు 25 పనిదినాలైతే 500 నిమిషాలు. ఎనిమిది గంటల పైమాటే! ఏ షిఫ్టు, బి షిఫ్టు అంటూ బతికే ఉక్కు ఊరివాళ్ళకు వేరే చెప్పాలా, అది పూర్తిగా ఒక షిఫ్టు.

అయితే మిగిలిన ఆ 20 నిమిషాలు ఎవరివి? 'అప్పుడే అయిపోయిందా, అయితే ఇదీ చేసెయ్యమ్మా' అని ఇంకో ఫైలు పడేసే ఆఫీసులు లేకపోలేదు. వంటింట్లో జరిగిందీ ఇదేగా! కుక్కరొచ్చింది, మిక్సీ వచ్చింది. మనకు తీరికొచ్చిందా? ఇంకో రెండు రకాలు చేసిపెట్టమన్నారు. కంప్యూటర్ దగ్గర కూడా అలా జరగనివ్వకూడదని నా అభిప్రాయం. పని పెంచితే జీతం పెంచమని అడగాలి. లేదూ, టైముకు లేచి బస్సు అందుకోవాలి. వేగం నేర్చుకున్నది మనం, దాని ఫలం కూడా మనకే దక్కాలి.

ఒకేసారి అన్నీ బట్టీ పట్టక్కర్లేదు. వారానికొకటి చీటీ మీద రాసి తెర పక్కన అంటించుకోండి. ఆ వారం ఆ పనికి మౌస్ ముట్టనని పట్టుబట్టండి. మొదటి రెండ్రోజులు ఆలస్యమే అవుతుంది, ఆ తర్వాత వేళ్ళే వెతుక్కుంటాయి. ఎప్పుడో టైపు లోయర్, హయ్యర్ పాసై ఇంట్లో ఉండిపోయిన అక్కలకైతే ఇంకా సులువు, మీటలు చూడకుండా కొట్టడం వాళ్ళ చేతికి ఏనాడో వచ్చేసింది.

మీకు వచ్చాక పక్కసీటు అమ్మాయికి నేర్పండి. చెబితే మన విలువ తగ్గుతుందని దాచుకోకండి. కందిపొడి కొలతలు అడక్కుండానే చెప్పే మనం, రెండు మీటలు చెప్పడానికి వెనకాడతామా?