ఎలుకకి జబ్బు, మందుకి నింద

టెస్ట్ సర్వర్లోనే చెత్త డేటా ఉంటే, టెస్టులు పాసైనా ఫెయిలైనా ఒరిగేదేమీ లేదని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. మరి ఎలుకల మీద ప్రయోగాలు చేసేవాళ్ళకి తెలీదా? తెలుసు. ఖర్చు దగ్గరికొచ్చేసరికి గుర్తుండదు, అంతే.

జరిగిందే చెప్తాను. 1992లో అమెరికాలో, ఫ్రెడరిక్ లోని నేషనల్ కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కేంద్రంలో కొన్ని ఎలుకలకి కాలేయం వాచి కంతులు లేచాయి. వాటికి ఏ రసాయనమూ ఇవ్వలేదు, పోల్చి చూడ్డానికి పక్కన పెట్టినవి! వాటికే కంతులొస్తే ఇక దేనితో పోలుస్తారు? కారణం అప్పటిదాకా ఎవరికీ తెలియని బాక్టీరియా. 1994లో దానికి హెలికోబాక్టర్ హెపాటికస్ అని పేరు పెట్టారు. రెండేళ్ళ చొప్పున నడిచిన 12 అధ్యయనాల ఎలుకలకి ఇదే సోకిందని 1998లో అక్కడి నేషనల్ టాక్సికాలజీ ప్రోగ్రాం వాళ్ళు బయటపెట్టారు. వాటిలో 9 అధ్యయనాల్లో చాలా మగ ఎలుకలకి కాలేయం వాచింది. ఇక ఆ కాలేయంలో కంతి రసాయనం వల్లా, బాక్టీరియా వల్లా? చెప్పండి చూద్దాం.

అప్పుడంటే తెలీదు. ఇప్పుడు తెలిసీ చూడకపోతే ఏమనాలి?

ఇది సోకిన ఎలుక చాలాసార్లు హాయిగా తిని తిరుగుతుంది. కల్చర్ చేద్దామంటే నెమ్మదిగా పెరుగుతుంది, ఈలోగా పేగుల్లోని మిగతా బాక్టీరియా దాన్ని కమ్మేస్తుంది. అదే పీసీఆర్‌కి నాలుగు పెంటికలు చాలు. ఆ బాక్టీరియాకే ప్రత్యేకమైన జన్యువు ముక్కని కోట్ల నకళ్ళు తీసి, గంటల్లో పట్టిస్తుంది. ఎలుకని చంపక్కర్లేదు.

"చచ్చిన బాక్టీరియా డీఎన్‌ఏ ఉన్నా పాజిటివ్ అంటుందిగా?" అని అడ్డుపడేవాళ్ళున్నారు. అంటుంది, నిజమే. ఇంకోసారి పరీక్షించి సరిచూసుకోండి. తప్పుడు అలారం మోగిందని మనం మానిటరింగే పీకేస్తామా?

జంతువుల ఆరోగ్యస్థితి రాయమని 2010 నాటి అరైవ్ మార్గదర్శకాలు చెప్పాయి, 2020లో సవరించాక కూడా చెప్తున్నాయి. నేనడిగేది ఇంకొక్క మెట్టు. ఏ క్రిమికి, ఏ పద్ధతిలో, ఎప్పుడు పరీక్షించారో ప్రతి పేపర్లోనూ ఉండాలి. "ఆరోగ్యమైన ఎలుకలు" అని ఒక్క ముక్క రాసి చేతులు దులుపుకుంటే కుదరదు.

అమెరికా గొడవ మనకెందుకంటారా? మన జీనోమ్ వ్యాలీలోనూ జంతువుల మీద పరీక్షలు జరుగుతాయి. ఆ మందులు రేపు మింగేది మనమే. ఎలుక ప్రాణం ఎలాగూ తీస్తున్నాం, తీశాక వచ్చిన లెక్కయినా నిజమై ఉండొద్దూ?